బండికి పికప్ ఉందా?

ముందుగా ఒక చిన్న ప్రశ్న. మీ ఊళ్లో ఎవరైనా "బండికి పికప్ ఉందా?" అని అడిగితే మీరేం అర్థం చేసుకుంటారు? లాగే సత్తువ ఉందా, గుట్ట ఎక్కుతుందా, తొక్కితే ఉరుకుతుందా అని. అంతే కదా? ఇంగ్లీషువాళ్లకు పికప్ అంటే వెనక తొట్టి ఉన్న బండి. మనకు పికప్ అంటే బండికి ఉండాల్సిన గుణం. మరి ఆ తొట్టి బండిని మనమేమంటాం? ట్రాలీ అంటాం. షోరూం కాగితం మీద పికప్ అనే రాసి ఉంటుంది. ఊళ్లోకి వచ్చిన మర్నాటికి అది ట్రాలీ అయిపోతుంది.

ఈ పూట ఆ ట్రాలీల గురించే మాట్లాడుకుందాం. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల. ఈ మూడు జిల్లాల్లో ఏ చౌరస్తాలోనైనా, ఏ చాయ్ హోటల్ ముందైనా ఒక పది నిమిషాలు నిలబడండి. కిరాయి కోసం ఆగిన బండ్లు వరసగా ఉంటాయి. వాటి డ్రైవర్లు బెంచీ మీద ఉంటారు. మాట ఎక్కడ మొదలైనా రెండు తగాదాల దగ్గరికే వస్తుంది. ఏ కంపెనీ బండి మంచిది? పాత బండి మంచిదా, కొత్త బండి మంచిదా? గొంతు పెరుగుతుంది, గ్లాసు బల్ల మీద గట్టిగా దిగుతుంది.

ముందు కంపెనీ మీద అభిమానం సంగతి. ఆ అభిమానం మన దగ్గర ఎంత గట్టిదో చెప్పడానికి ఒక్క మాట చాలు. డీసీఎం.

పేపర్ తీస్తే ఏదో ఒక మూల కనబడే మాటే ఇది. డీసీఎం బోల్తా, డీసీఎం ఢీ. ఆ బోల్తా పడింది ఐషర్ కావచ్చు, లేలాండ్ కావచ్చు, టాటా కావచ్చు. మనకు అన్నీ డీసీఎంలే. లారీకి చిన్న, ట్రాలీకి పెద్ద. ఆ కొలతలో ఉన్న ప్రతి బండీ డీసీఎమే. మరి డీసీఎం అంటే ఏమిటి? విడదీసి చెబుతాను, నవ్వకండి. ఢిల్లీ క్లాత్ మిల్స్. అవును, బట్టల మిల్లు. 1889లో ఢిల్లీలో మొదలైన బట్టల మిల్లు. ఆ సంస్థే 1980లలో జపాన్ టయోటాతో చేతులు కలిపి చిన్న లారీలు తయారుచేసింది. పేరు డీసీఎం టయోటా. మనవాళ్లు టయోటాను వదిలేశారు, డీసీఎంను పట్టుకున్నారు. 1990లలో ఆ ఫ్యాక్టరీ కొరియావాళ్ల డేవూ చేతికి పోయింది. అక్కడి నుంచి సీలో కార్లు రావడం మొదలైంది. డీసీఎం లారీ కథ అక్కడితో ముగిసింది.

లారీ కథ ముగిసింది కానీ పేరు ముగియలేదు. మళ్లీ చెబుతున్నాను, ఆ కంపెనీ లారీలు చేయడం మానేసి పాతికేళ్లు దాటింది. అప్పటికి పుట్టని పిల్లలు ఇప్పుడు డ్రైవర్లయ్యి, తాము నడిపే వేరే కంపెనీ బండిని "నా డీసీఎం" అంటున్నారు. గద్వాల మగ్గాల ఊళ్లలో ఇల్లు మారే నేతకారుడు తన మగ్గం సామాను బండికెత్తి "డీసీఎం మాట్లాడుకున్నం" అంటాడు. తన సామాను మోసే బండికి ఢిల్లీ బట్టల మిల్లు పేరుందని ఆయనకు ఎవరు చెబుతారు? నేనైతే ఒకసారి చెప్పి చూశాను. నమ్మలేదు.

డీసీఎం లారీలు వచ్చిన ఆ 1980లలోనే జపాన్‌వాళ్లతో కలిసి నాలుగు చోట్ల చిన్న లారీలు మొదలయ్యాయి. మిత్సుబిషితో ఐషర్, మజ్దాతో స్వరాజ్, టయోటాతో డీసీఎం. నాలుగోది మన ఇంటిది. నిస్సాన్‌తో ఆల్విన్. హైదరాబాద్ ఆల్విన్ అంటే పెద్దవాళ్లకు వెంటనే గుర్తొస్తుంది. ఫ్రిజ్‌లు చేసింది, చేతి గడియారాలు చేసింది, బస్సులకు బాడీలు కట్టింది. ఆ ఆల్విన్ జహీరాబాద్‌లో లారీలు చేసింది. 1980ల చివర్లో దాన్ని మహీంద్రా తీసుకుంది. అదే జహీరాబాద్ నుంచి 2015లో జీతో అనే బుల్లి బండి బయటికొచ్చింది. అంటే మన చౌరస్తాలో మహీంద్రా మనిషి, ఆల్విన్ మనిషి ఒకప్పుడు కొట్లాడుకున్నా, చివరికి ఇద్దరూ ఒకే కప్పు కింద తేలారన్నమాట.

నాలుగు జపాన్ బండ్ల మధ్యలోకి 1986లో టాటావాళ్ల 407 దిగింది. ఫోర్ నాట్ సెవెన్. ఇంగ్లీషు చదవని డ్రైవర్ కూడా ఆ మూడు అంకెలను తెలుగులో చదవడు. నాలుగు వందల ఏడు అని ఎవరైనా అనగా విన్నారా? నేను వినలేదు. ఆ బండి నిలబడింది. జపాన్ పేర్లు ఒక్కొక్కటే వెనక్కి తగ్గాయి.

తర్వాత 2005లో టాటా ఏస్. రెండే సిలిండర్ల ఇంజన్. మూడు చక్రాల ఆటో కంటే కొంచెం పెద్ద, లారీ కంటే చాలా చిన్న. మూడు చక్రాల మీద ఊగుతూ పోయేవాడికి నాలుగో చక్రం ఇచ్చిన బండి అది. హిందీలో దాన్ని ఛోటా హాథీ అన్నారు, చిన్న ఏనుగు అని. మనవాళ్లు ఏమన్నారో మీకు తెలుసు. టాటా ఏసీ! పట్నం నుంచి వచ్చిన మా బంధువొకాయన పెళ్లికి పోతూ, "టాటా ఏసీ మాట్లాడినం, అందులో రండి" అంటే సంబరపడ్డాడు. మే నెల. ఏసీ బండి అనుకున్నాడు. తొట్టిలో జంపఖానా పరిచి కూర్చోబెట్టారు. గాలి మాత్రం బాగానే తగిలింది.

ఇంకో పక్క మహీంద్రా బొలెరో ట్రాలీ. ముక్కున్న బండి. ఈ రెండు బండ్లవాళ్ల తగాదా వినాలి మీరు.

ఒకరు, "నీ బండి ముక్కు సందులకు పట్టదు. నాది తిప్పితే తిరుగుతది, తాగేది గింతంత" అంటారు.

ఇంకొకరు, "ఇంజను సీటు కింద పెట్టుకొని తిరుగుతవు, ఎండకాలం నీకు చాయ్ గూడ అవసరం లేదు. నా బండి జీపు సంతతి. బురదల దిగితే తెలుస్తది ఎవని సంగతేందో" అంటారు.

జీపు సంతతి అన్న మాటలో నిజముంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో జీపులు బిగించడంతో బండ్ల పనిలోకి దిగిన కంపెనీ అది. పైగా ట్రాక్టర్లు చేస్తుంది. మన రైతుకు ఆ పేరు మొదట ట్రాక్టర్ మీద పరిచయమైంది. నాన్న పొలంలో ఏ పేరు చూశాడో కొడుకు రోడ్డు మీద అదే పేరు కొన్నాడు. అభిమానానికి అదొక దారి.

ఈ తగాదా మన ఒక్కరిదే అనుకోకండి. అమెరికాలో ఫోర్డ్ కంపెనీ 1925లో తన మోడల్-టీ కారుకు వెనక తొట్టి బిగించి అమ్మింది. అక్కడ కూడా ఫోర్డ్ ఇల్లు, షెవ్రొలే ఇల్లు అని తరాలుగా వేరువేరు ఇళ్లున్నాయి. మన పిల్లలు టెక్సాస్‌లో ఉన్నవాళ్లు ఫొటోలు పంపుతారు. మన ఇంటి గుమ్మం పట్టనంత బండి. వెనక తొట్టి తళతళలాడుతూ ఉంటుంది, గీత ఒక్కటి లేదు. ఆ ఫొటో చూసి మా చౌరస్తా డ్రైవర్ ఒకాయన అడిగిన మాట ఒక్కటే. "పాపం, కిరాయిలు లేవా సారు?"

మన దగ్గర తొట్టి ఖాళీగా ఉంటే జాలిపడతాం. మన బండికి విలువ బరువుతోనే. అందుకని అభిమానం సంగతి నిజంగా తేలాలంటే బండిని బరువు మీద చూడాలి. ఎండకాలం కొల్లాపూర్ వైపు రండి.

మామిడి రోజులు. పొద్దున కోత. మధ్యాహ్నం చెట్టు నీడలో కాయలు ఏరి, క్రేట్లలో పేర్చడం. చీకటి పడేలోగా బండికెత్తడం. క్రేటు మీద క్రేటు, పైన పట్టా, చుట్టూ తాడు. కొల్లాపూర్ నుంచి హైదరాబాద్ 180 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఇదివరకు గడ్డిఅన్నారం పోయేవాళ్లు. ఇప్పుడు పండ్ల మార్కెట్ బాటసింగారానికి మారింది కాబట్టి పట్నం దాటి ఇంకా అవతలికి పోవాలి. తెల్లారకముందే చేరాలి. ఆలస్యమైతే పాట తగ్గుతుంది. పైగా ఎండెక్కితే కాయ మెత్తబడుతుంది. రాత్రంతా బండి ఆగకూడదు. ఎక్కడా ఆగకూడదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత చెప్పేదంతా దీని మీదే.

బండి ఆగకూడదు. ఆగితే మళ్లీ ఎంత తొందరగా కదులుతుంది? పాత బండి, కొత్త బండి అనే తగాదా అంతా ఈ ప్రశ్న చుట్టే తిరుగుతుంది.

నేను చూసిన రెండు సంగతులు చెబుతాను. కంపెనీల పేర్లు చెప్పను. చెబితే మీలో సగంమంది రేడియో కట్టేస్తారు.

మొదటిది చాలా ఏళ్ల కిందటిది. శివరాత్రి ముందు శ్రీశైలంలో అన్నదానానికి బియ్యం బస్తాలు తీసుకుపోతున్నాం. పాత బండి. డ్రైవర్‌కూ బండికీ ఇద్దరికీ వయసు మీరింది. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూస్తారు, మళ్లీ పొద్దున ఆరుకే. మూయకముందే దాటాం. అడవిలో కొంత దూరం పోయాక డీజిల్ వాసన. దిగి చూస్తే ట్యాంకు అడుగున సన్నగా చీలి కారుతోంది. చుట్టూ నల్లమల. నాకు గుండె జారింది. ఆయన తొణకలేదు. సీటు వెనక నుంచి బట్టల సబ్బు తీశాడు. కొంచెం నీళ్లతో తడిపి, మెత్తగా పిసికి, చీలిక మీద రుద్ది రుద్ది కూరాడు. కారడం ఆగింది. చేతులు తుడుచుకుని, "ఎక్కుండ్రి సారు" అన్నాడు. అంతే. అరగంట కూడా పట్టలేదు. శ్రీశైలం చేరాం, బియ్యం దింపాం. సబ్బు ఊడలేదు.

రెండోది ఈ మధ్యది. మామిడి బండి. కొత్తది, ఇంకా సీట్ల మీద కవర్లు కూడా తీయలేదు. కల్వకుర్తి దాటాక ముందు అద్దం కింద పసుపు లైటు వెలిగింది. బండి ఒక్కసారి బరువెక్కినట్టయింది. ఎంత తొక్కినా ఉరకదు. నడిపేది కుర్రవాడు, మంచి డ్రైవర్. దిగాడు, బానెట్ ఎత్తాడు, చూశాడు. చూడ్డానికేముంది? అంతా మూతలు, వైర్లు. కారడం లేదు, విరగడం లేదు, వాసన లేదు. బండికి ఏమైందో బండికే తెలుసు. అది చెప్పాలంటే ల్యాప్‌టాప్ కావాలి. రాత్రి పదకొండింటికి ల్యాప్‌టాప్ ఎక్కడిది? ఫోన్లు చేసి, వేరే బండి పిలిపించి, క్రేట్లన్నీ ఒక్కొక్కటే అందులోకి మార్చారు. వచ్చిన బండి ఏదో చెప్పనా? ఏపీ 22 నంబరు బండి.

ఆ నంబరు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మన దగ్గర బండి వయసు ఎవరినీ అడగక్కర్లేదు. ఏపీ 22 అంటే ఉమ్మడి రాష్ట్రం నాటిది, పాత పాలమూరు జిల్లా బండి. టీఎస్ 06 అంటే తెలంగాణ వచ్చాక, జిల్లాలు విడిపోకముందు. 2016 దసరాకు కొత్త జిల్లాలు వచ్చాయి. నాగర్‌కర్నూల్‌కు 31, వనపర్తికి 32, గద్వాలకు 33. 2024 నుంచి టీజీ. చెట్టు కొట్టి లోపలి గీతలు లెక్కపెట్టినట్టు, నంబరు ప్లేటు చూసి ఆ బండి ఏయే కాలాలు చూసిందో చెప్పొచ్చు.

సరే, ఆ కొత్త బండికి ఏమైందని మర్నాడు చూస్తే, ఒక సెన్సార్ వైరును ఎలుక కొరికింది! అంతకుముందు తోటలో రెండు రాత్రులు బండి పెట్టారట, అక్కడ. ఎలుకకు ఏ కంపెనీ అయినా ఒకటే. పాపం, తయారుచేసినవాళ్ల తప్పేం లేదు. కానీ చూడండి. చీలిన ట్యాంకుకు సబ్బు చాలింది. తెగిన చిన్న వైరుకు పట్నం నుంచి మనిషి రావాల్సొచ్చింది.

ఇది విని పాత బండివాళ్లు చప్పట్లు కొడుతున్నారేమో. కొంచెం ఆగండి. మీ బండి గురించి కూడా చెప్పాలి.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో బీఎస్-6 పొగ నిబంధనల బండ్లే అమ్మాలన్నారు. డీజిల్‌ను కొలిచి, సమయం చూసి చిమ్మే ఇంజన్, పొగలో మసిని పట్టుకునే జల్లెడ, వీటన్నిటినీ కనిపెట్టుకునే సెన్సార్లు. ఈ తలనొప్పులన్నీ ఎందుకొచ్చాయి? మీ బండి పొగ వల్లే వచ్చాయి. పాత బండి ఘాటు ఎక్కుతూ వదిలే నల్లటి పొగ వెనక స్కూటర్ మీద పోయిచూడండి. ముందు చిన్నపిల్ల కూర్చుని ఉంటే తెలుస్తుంది. ఇక బ్రేకులు. పాత బండి డ్రైవర్ దిగుడులో కాలుతో మూడుసార్లు కొట్టి బ్రేకు పట్టుకుంటాడు. దాన్ని ఆయన నైపుణ్యం అంటాడు. నేను భయం అంటాను.

స్టీరింగ్ సంగతి చెప్పాలంటే మా ఎదురింటి చెల్లెమ్మ మాట చెప్పాలి. భర్త డ్రైవర్. కొత్త బండి కొన్నాక ఆమెను అడిగాను, ఎట్లుందమ్మా కొత్త బండి అని. మైలేజీ చెప్పలేదు, కంపెనీ చెప్పలేదు. "రాత్రి భుజాలకు జండూబాం రాసుడు తప్పిందన్నా" అంది. "అంగీ గూడ ఒక్కసారి ఉతికితే తెల్లగైతున్నది." పవర్ స్టీరింగ్ గురించి ఇంతకంటే బాగా ఏ షోరూంవాడూ చెప్పలేడు.

అయినా పాత బండి ఎందుకు బతికుంది? సబ్బు కోసం కాదు. అసలు కారణం కిస్తీ.

నెమ్మదిగా వినండి, ఇది ముఖ్యం. కొత్త బండి ఫైనాన్స్ మీద వస్తుంది. నెల తిరిగితే కిస్తీ. వాన పడ్డా కిస్తీ, కిరాయి లేకున్నా కిస్తీ. పాత బండికి కిస్తీ ఎప్పుడో తీరిపోయింది. అది చింతచెట్టు కింద పది నెలలు నిలబడ్డా ఎవరూ వచ్చి అడగరు. మామిడికి రెండు నెలలు, పల్లికాయకు కొన్ని రోజులు, పత్తికి ఇంకొన్ని రోజులు తిరుగుతుంది. మిగతా రోజులు నిద్రపోతుంది. కోడి దాని తొట్టిలో గుడ్లు పెడుతుంది. పాత బండికి ఆగే హక్కుంది. కొత్త బండికి ఆ హక్కు లేదు. మళ్లీ అంటున్నాను. పాత బండి ఆగొచ్చు, కొత్త బండి ఆగకూడదు. కానీ రాత్రిపూట రోడ్డు మీద ఆగితే, తొందరగా కదిలేది పాత బండి. చిక్కంతా అక్కడే ఉంది.

కాబట్టి ఏడాది పొడవునా చేతినిండా కిరాయిలున్నవాడు కొత్తది కొనాలి. షాపుకు రోజూ సరుకు తిప్పేవాడు, పాలు తిప్పేవాడు కొత్తది కొనాలి. నాలుగెకరాల తోట పెట్టుకుని, పంటకొకసారి బండి కావలసినవాడు ఎవరి మాటా వినకుండా పాతదాన్ని ఉంచుకోవాలి. బ్రేకులు మాత్రం చేయించుకోవాలి. అభిమానం ఏ కంపెనీ మీద ఉన్నా సరే.

అభిమానం అన్నాను కదా, చాలాకాలం నేను దాన్ని కంపెనీ మీద అభిమానమనే అనుకున్నాను. కాదని మా ఊరి ఉస్తాద్ దగ్గర తెలిసింది. మెకానిక్‌ను మనం ఉస్తాద్ అంటాం కదా. ఆయన షెడ్డు వేపచెట్టు కింద. రేకు డబ్బాలో బోల్టులు, నేల అంతా నూనె మరక. నలభై ఏళ్లుగా ఆయన ఒకే కంపెనీ బండ్లు చూశాడు. అందుకని చుట్టుపక్కల పది ఊళ్లలో ఆ కంపెనీ బండ్లే ఎక్కువ. అవి దాటి ఇంకో పది కిలోమీటర్లు పోతే ఇంకో కంపెనీ బండ్లు. ఎందుకంటే అక్కడ ఇంకో ఉస్తాద్ ఉన్నాడు! జనం బండిని నమ్మి కొనలేదు, బండిని విప్పే చేతిని నమ్మి కొన్నారు. ఫ్యాక్టరీవాళ్లు గోడల మీద ఎంత రంగు రాయించినా, మన దగ్గర బండి అమ్మింది ఈ వేపచెట్టే.

పోయిన ఏడాది మా పక్కింటాయన ఇరవై ఏళ్ల అభిమానం వదిలేసి వేరే కంపెనీ కొత్త బండి కొన్నాడు. గుడికి తీసుకుపోయాడు, నిమ్మకాయలు తొక్కించాడు, మిరపకాయలు కట్టించాడు. తర్వాత ఇంటికి పోకుండా నేరుగా ఉస్తాద్ షెడ్డుకు పోయాడు. నేను కూడా పక్కన ఉన్నాను. పక్కింటాయన మొహంలో దొంగతనం చేసినవాడి కళ ఉంది. ఉస్తాద్ లేచొచ్చాడు. బానెట్ ఎత్తించాడు. లోపలికి చాలాసేపు చూశాడు. ఒక మూత మీద వేలితో కొట్టి చూశాడు. విప్పడానికి ఆయన పానాలకు అందేది ఏదీ కనబడలేదు.

"స్టార్ట్ చెయ్" అన్నాడు.

బండి స్టార్ట్ అయింది. చప్పుడు చాలా తక్కువ. ఉస్తాద్ కళ్లు మూసుకుని, తల కొంచెం వంచి విన్నాడు. పక్కింటాయన ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. "ఎట్లున్నది భాయ్?" అని అడిగాడు చివరికి.

ఉస్తాద్ కళ్లు తెరిచి, బానెట్ మెల్లగా దించి, దాని మీద పడ్డ తన చేతి మరకను అంగీ అంచుతో తుడిచాడు.

"బంద్ చెయ్" అన్నాడు. "డీజిల్ ఊకె కాలుతున్నది."